మినహాయింపు నుండి పన్ను రాయితీ వరకు: న్యూయార్క్ స్వచ్ఛంద అగ్నిమాపకుల చట్టాలు – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మంటలార్పేవారిలో అధికసంఖ్యాకులు జీతం తీసుకొనేవారు కారు. చిన్న పట్టణాలలోను, గ్రామీణ ప్రాంతాలలోను సొంత వృత్తులు చేసుకొనేవారే పిలుపు అందగానే చేతిలో పని వదిలి ఫైరింజను ఎక్కుతారు. చాలాచోట్ల అంబులెన్సు నడిపేదీ ఇటువంటివారే. ఆ దేశపు జాతీయ అగ్ని రక్షణ సంఘం అంచనా ప్రకారం 1984లో సుమారు 8,97,750 మంది ఉన్న స్వచ్ఛంద అగ్నిమాపకులు 2020 నాటికి సుమారు 6,76,900కు తగ్గారు. ఈ తగ్గుదలను అడ్డుకోవడానికి రాష్ట్రాలు ఎంచుకొన్న సాధనాలలో పన్ను రాయితీ ఒకటి. దీనిని ఇటీవలి ఆలోచనగా భావించడం పరిపాటి. న్యూయార్క్ చట్టాలను కాలక్రమంలో చదివితే ఆ అభిప్రాయం నిలవదు. జీతం ఇవ్వకుండా సేవను నిలుపుకొనేందుకు, పౌరుని నుండి తనకు రావలసినదానిలో కొంత ప్రభుత్వం వదులుకోవడం అక్కడ దాదాపు మూడు శతాబ్దాలనాటి పద్ధతి.

పౌరబాధ్యతల నుండి మినహాయింపు

1736 డిసెంబరు 7న బెంజమిన్ ఫ్రాంక్లిన్, అతని మిత్రులు ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన యూనియన్ ఫైర్ కంపెనీ కేవలం సభ్యుల పరస్పర ఒప్పందం. ఎవరి తోలు బకెట్లు, సంచులు వారే సిద్ధంగా ఉంచుకోవాలి. ఒకరి ఇంటికి నిప్పంటుకొంటే మిగిలినవారు పరుగెత్తాలి. ప్రభుత్వం ఇచ్చేది ఏమీ లేదు. మరుసటి ఏడాది న్యూయార్క్ వలస శాసనసభ వేరొక మార్గం పట్టింది. 1737 డిసెంబరు నాటి చట్టం ద్వారా నియమితులైన అగ్నిమాపకులకు కానిస్టేబుల్ పదవి, రహదారుల పర్యవేక్షణ, జ్యూరీ, మిలీషియా సేవల నుండి విముక్తి లభించింది. శత్రువు దండెత్తినప్పుడు మాత్రం మిలీషియా మినహాయింపు చెల్లదు. ఈ పదవులు నాడు గౌరవం కన్నా బరువుగానే తోచేవి. కనుక ఖజానా నుండి ఒక్క నాణెం తీయకుండానే శాసనసభ విలువైనదాన్ని ఇవ్వగలిగింది.

19వ శతాబ్దంలో, నిర్ణీతకాలం సేవ పూర్తిచేసినవారికి ఈ మినహాయింపు శాశ్వతమైంది. వారిని ‘ఎగ్జెంప్ట్ ఫైర్‌మన్’ అన్నారు. మినహాయింపే బిరుదైంది, ఆ పేరుతో సంఘాలు వెలిశాయి. తెలుగునాట గ్రామసేవకులకు శిస్తు తగ్గించి ఇచ్చిన మాన్యాలతో దీనిని పోల్చాలనిపిస్తుంది. అయితే మాన్యం సాధారణంగా వంశపారంపర్యం. ఇది సేవ చేసిన వ్యక్తికే పరిమితం.

1865లో న్యూయార్క్ నగరం జీతాల అగ్నిమాపక శాఖకు మారింది. నగరం వెలుపల స్వచ్ఛంద వ్యవస్థ కొనసాగింది గాని, పాత ప్రతిఫలం విలువ క్రమంగా క్షీణించింది. నిర్బంధ మిలీషియా ఏనాడో కనుమరుగైంది. 1996లో రాష్ట్రం వృత్తుల ఆధారంగా ఇచ్చే జ్యూరీ మినహాయింపులన్నిటినీ రద్దుచేసింది. వదులుకోవడానికి ప్రభుత్వం చేతిలో మిగిలినది పన్నే.

పన్ను రాయితీ – దాని చిక్కులు

2007 పన్ను సంవత్సరం నుండి, ఏడాది పొడవునా సేవలో ఉన్న స్వచ్ఛంద అగ్నిమాపకునికి లేదా అంబులెన్సు కార్యకర్తకు న్యూయార్క్ 200 డాలర్ల ఆదాయపు పన్ను రాయితీ ఇచ్చింది. చెల్లించవలసిన పన్ను అంతకన్నా తక్కువైతే మిగిలినది చేతికి వస్తుంది. ఇంటి పన్ను మదింపు విలువలో 10 శాతం వరకు మినహాయింపు మరొక మార్గం. మొదట కౌంటీకొక సెక్షన్‌గా పెరిగిన ఈ నిబంధనలను 2022 చివరలో రాష్ట్రమంతటికీ వర్తించేలా సవరించారు. అమలు చేయాలా వద్దా అన్నది స్థానిక సంస్థల ఇష్టం.

ఇక్కడ ఫెడరల్ చట్టంతో ఒక చిక్కు ఉంది. సేవకు బదులుగా దక్కిన రాయితీ, పన్ను శాఖ దృష్టిలో ఆదాయమే. అంటే రాష్ట్రం తగ్గించిన పన్నుపై కేంద్రం పన్ను విధించవచ్చు! సేవకుడు జీతగాడా, దాతా అన్న పాత ప్రశ్న ఇలా లెక్కల పుస్తకంలో తలెత్తింది. 2007 డిసెంబరులో గృహరుణ మాఫీకి సంబంధించిన చట్టంలో ఒక సెక్షన్‌గా కాంగ్రెస్ దీనికి పరిష్కారం చూపింది. రాష్ట్ర, స్థానిక పన్ను రాయితీలతో పాటు నెలకు 30 డాలర్ల వరకు ఇతర చెల్లింపులు ఆదాయంలోకి రావని అందులో ఉంది. 2010తో దాని గడువు తీరింది. మళ్లీ 2020 సంవత్సరానికి, పరిమితిని 50 డాలర్లకు పెంచి, పునరుద్ధరించారు. ఆ ఏడాది చివరలో శాశ్వతం చేశారు. నడుమ తొమ్మిదేళ్లపాటు ఆ రక్షణ లేదు.

చట్టకర్తలు అంతగా పట్టించుకోని అంశం మరొకటుంది. 1737 నాటి మినహాయింపు ఇల్లున్నవానికీ లేనివానికీ ఒకే తీరుగా వర్తించింది. ఇంటి పన్ను రాయితీ అలా కాదు. ఒకే ఫైరింజనుపై వెళ్లిన ఇద్దరిలో ఖరీదైన ఇల్లున్నవానికి ఎక్కువ, చిన్న ఇల్లున్నవానికి తక్కువ దక్కుతుంది. పైగా అందుకు కనీసం రెండు నుండి ఐదేళ్ల సేవ కావాలి. 20 ఏళ్లు నిండినవారికి దానిని జీవితాంతం కొనసాగించే వీలుంది. ఇది ఉన్నవారిని నిలుపుకొనే ఏర్పాటే గాని, కొత్తవారిని పిలిచేది కాదు. దళాలకు నేడు కావలసింది యువకులు. అద్దె ఇంట్లో ఉంటూ కొత్తగా చేరిన యువకునికి ఈ రెండు మార్గాలలో అందేది, ఏడాది పూర్తిగా సేవలో ఉన్న తర్వాత, ఆ 200 డాలర్లే.