ముగ్గురు అన్నదమ్ములు, ఒక మాంసకృత్తు

1937లో మ్యూనిక్ నగరపు శిశువైద్యుడు ఆల్‌ఫ్రెడ్ విస్కాట్ ఒకే ఇంటి ముగ్గురు మగపిల్లల వ్యాధి వృత్తాంతాన్ని ప్రకటించాడు. ముగ్గురికీ రక్తవిరేచనాలు, ఎగ్జిమా, పదేపదే చెవిలో చీము. రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువ. ముగ్గురూ పసితనంలోనే మరణించారు. వారి అక్కచెల్లెళ్లకు మాత్రం ఏ బాధా లేదు. 1954లో అమెరికాలో రాబర్ట్ ఆల్‌డ్రిచ్ మరొక కుటుంబపు తరాలను పరిశీలించి, ఈ వ్యాధి తల్లుల ద్వారా కొడుకులకు సంక్రమిస్తుందని చూపాడు. వ్యాధికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. అయితే పేరు పెట్టడం వేరు, కారణం తెలియడం వేరు. ఆ కారణం వైపు సాగిన దారులలో ఒకటి కండరాన్ని నూరి చూసిన ఒక ప్రయోగశాలలో మొదలైంది.

హంగరీలోని సెగెడ్ పట్టణం మిరపకు ప్రసిద్ధి. ఆ మిరప నుండే విటమిన్ సి ని విస్తారంగా తీసిన ఆల్బర్ట్ సెంట్-జార్జికి అదే 1937లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత ఆయన దృష్టి కండరంపైకి మళ్లింది. ఆయన సహచరి ఇలోనా బాంగా నూరిన కండరాన్ని ఉప్పునీటిలో రాత్రంతా ఉంచినపుడు, కొద్ది నిమిషాలలో తీసిన పలుచని ద్రవానికి బదులు చిక్కని ద్రవం వచ్చింది. ఏటీపీ కలపగానే ఆ చిక్కదనం తగ్గిపోయింది. ఈ తేడాకు కారణం మయోసిన్‌తో పాటు బయటికి వచ్చిన మరొక మాంసకృత్తు అని 1942లో బ్రూనో స్ట్రౌబ్ నిరూపించాడు. అప్పటికి అతని వయస్సు 28 ఏళ్లు. దానికి వారు పెట్టిన పేరు ఆక్టిన్. అది విడివిడి గోళాలుగా ఉండగలదు. గోళాలు ఒకదానికొకటి చేరి పోగుగానూ మారగలదు.

అది యుద్ధకాలం. సెగెడ్ ఫలితాలు బయటి ప్రపంచానికి వెంటనే చేరలేదు. సెంట్-జార్జి గెస్టపో కంటబడకుండా అజ్ఞాతంలో గడిపాడు. కండరంపై ఆ బృందం చేసిన కృషి 1945లో స్వీడన్ పత్రికలో వెలువడి లోకానికి తెలిసింది. ఆయన 1947లో అమెరికా చేరాడు. స్ట్రౌబ్ స్వదేశంలోనే ఉండి, 1988లో హంగరీ దేశాధినేత అయ్యాడు.

ఆక్టిన్ కండరానికే పరిమితమని చాలాకాలం భావించారు. 1966లో జపాన్ శాస్త్రజ్ఞులు హతానో, ఒసావా కండరమే లేని జిగురుబూజు నుండి దానిని వేరుచేశారు. కణం కదలడానికి కూడా ఆక్టినే ఆధారమన్న భావన క్రమంగా బలపడింది. పాకే కణపు ముందు అంచున ఆక్టిన్ పోగులు పెరుగుతూ పొరను ముందుకు నెడతాయి. ఈ పనికి కాపలాదారులున్నారు: ప్రొఫిలిన్ గోళాలను సిద్ధంగా ఉంచుతుంది, ఆర్ప్2/3 పాత పోగుపై కొత్త కొమ్మను మొలిపిస్తుంది, మూత ప్రొటీన్ పెరుగుదలను ఆపుతుంది, కోఫిలిన్ పాతబడిన పోగులను తుంచి గోళాలను తిరిగి అందిస్తుంది. 1999లో ఫ్రాన్సులో కార్లియే బృందం కొద్ది శుద్ధ ప్రొటీన్లతోనే లిస్టీరియా బాక్టీరియాను గాజుపలకపై నడిపించి, ఈ యంత్రాంగానికి ఏవి చాలునో చూపింది.

మరి ఆర్ప్2/3 ని మేల్కొలిపేదెవరు? 1994లో విస్కాట్-ఆల్‌డ్రిచ్ వ్యాధికి మూలమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై దొరికింది. అది తయారుచేసే ప్రొటీన్‌కు వాస్ప్ అని పేరు. అది రక్తకణాలలో ముడుచుకుని నిద్రపోతూ ఉంటుంది. సీడీసీ42 అనే సంకేతం తాకగానే విచ్చుకుని ఆర్ప్2/3 ని పనిలోకి దించుతుందని ఆ దశకం చివరికి స్పష్టమైంది. వాస్ప్ లోపించిన తెల్లకణాలు వ్యాధిక్రిమి ఉన్న చోటికి సరిగా చేరలేవు, చేరినా తోటి కణాలతో గట్టిగా జతకట్టలేవు. చెవిలో చీము ఎందుకు తగ్గలేదో అప్పుడు తెలిసింది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నందున అక్కచెల్లెళ్లు ఎందుకు తప్పించుకున్నారో కూడా అర్థమైంది.

కారణం తెలియకముందే వైద్యం ప్రయత్నించింది: 1968లో అమెరికాలో ఈ వ్యాధి ఉన్న ఒక బాలునికి ఎముకమజ్జ మార్పిడి చేశారు, ఫలితం పాక్షికమే. నేడు తగిన దాత దొరికిన పిల్లలలో చాలామందికి ఆ మార్గం స్వస్థతనిస్తున్నది. మ్యూనిక్ పిల్లల మంచం నుండి జన్యువు వరకు 57 ఏళ్లు పట్టింది. సెగెడ్‌లో కండరాన్ని నూరినవారికి ఆ పిల్లల సంగతి తెలియదు. పిల్లల మంచం పక్కన నిలిచిన వైద్యునికి ఆక్టిన్ పేరే తెలియదు. అయినా ఆ రెండు కృషులూ కలిసిన చోటే ఆ ముగ్గురి మరణానికి సమాధానం దొరికింది.