పాత విజ్ఞాన సర్వస్వాలు – కొత్త బొమ్మల గదులు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమన్నప్పుడు కాకతీయుల గురించి రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. నేను మన ఇళ్ళలోనే, బీరువాల అడుగు అరల్లో, అటకల మీద దుమ్ము పట్టి ఉన్న ఒక వస్తువు చరిత్ర రాస్తున్నాను. అది విజ్ఞాన సర్వస్వం. ఎన్‌సైక్లోపీడియా అంటే అందరికీ తెలుస్తుంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మనలో కొందరం పిల్లల చదువు కోసం నెలనెలా వాయిదాలు కట్టి వీటిని కొన్నాం. పిల్లల చదువులు పూర్తయ్యాయి. మనుమలు, మనుమరాండ్రు ఏది కావాలన్నా సెల్‌ఫోనులో చూసుకుంటున్నారు. పాతసామాన్లవాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు. మా ఇంట్లో మాత్రం వాటిలో ఐదు సంపుటాలు ఒక చిన్న బొమ్మల గదిగా మారాయి. ఏ పుస్తకం గది కావచ్చు, ఏది కాకూడదు అన్నది తేల్చుకోవాలంటే ముందు వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

ఎడింబరో నుంచి మన దాకా

ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1768లో స్కాట్లాండులోని ఎడింబరోలో మొదలయింది. మొదట చిన్న చిన్న భాగాలుగా వెలువడి, 1771 నాటికి మూడు సంపుటాలుగా పూర్తయింది. క్రమంగా పెరుగుతూ 2010 ముద్రణ నాటికి 32 సంపుటాలయింది. అదే ఆఖరి అచ్చు ప్రతి. ఇకమీదట పుస్తక రూపంలో వేయబోమని 2012 మార్చిలో ప్రచురణకర్తలు ప్రకటించారు. 244 ఏళ్ళ అచ్చు చరిత్ర అలా ముగిసింది.

తెలుగులో ఈ పని తలకెత్తుకున్నవారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు. 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. నాగపూరులో చదువుకున్నారు. మునగాల జమీందారు నాయని వెంకటరంగారావుగారి వద్ద దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడ్డాయి. ఆ ఉత్సాహంలోనే 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. దాని వెనుక లక్ష్మణరావుగారితోపాటు రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగార్లు ఉన్నారు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. అటువంటి రోజుల్లో, చరిత్రను, శాస్త్రాలను తెలుగులో చదువుకోవచ్చని చూపించడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ తరువాత మద్రాసులో ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ప్రారంభించారు. తాము స్వయంగా ఎన్నో వ్యాసాలు రాశారు. ఆయన జీవించి ఉండగా మూడు సంపుటాలే వచ్చాయి. వర్ణమాలలో తొలి అక్షరాలు దాటకముందే, 1923లో, 46 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. 1930లలో ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మళ్ళీ చేపట్టారు. 1938లో ఆయన కూడా పోవడంతో అది మరోసారి ఆగింది.

1947లో మద్రాసులో తెలుగు భాషా సమితి ఏర్పడింది. మోటూరి సత్యనారాయణగారి పూనికతో అకారాది పద్ధతి వదిలి, విషయానికొక సంపుటం చొప్పున విజ్ఞాన సర్వస్వాన్ని వెలువరించింది. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనంగారి ఆధ్వర్యంలో సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. 2003లో ఇంటర్నెట్టులో తెలుగు వికీపీడియా మొదలయింది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. లక్ష్మణరావుగారు ఒంటిచేత్తో మోయబోయిన బరువును ఇప్పుడు ఊరూరి నుంచి ఎందరో తలా కాస్త మోస్తున్నారు.

గది అంత బొమ్మ

ఇక రెండో చరిత్ర. ఇళ్ళను, గదులను చిన్నవిగా చేసి చూసుకునే ముచ్చట పాతదే. లండనుకు దగ్గరి విండ్సరు కోటలో మేరీ రాణి బొమ్మరిల్లు ఉంది. వాస్తుశిల్పి లుట్యెన్స్ రూపకల్పనలో 1924 నాటికి పూర్తయింది. మన ఢిల్లీలో రాష్ట్రపతి భవనం కట్టించినది కూడా ఆయనే. ఆ బొమ్మరింటిలో గ్రంథాలయం ఉంది. అందులో వేలెడంత పుస్తకాలు ఉన్నాయి. కొన్నింటిని కానన్ డాయిల్ వంటి రచయితలు స్వయంగా చేత్తో రాసి ఇచ్చారు. అమెరికాలో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూటులో థోర్న్ అనే ఆమె 1930లలో చేయించిన 68 బొమ్మగదులు ఉన్నాయి. ఈ రెండు చోట్లా కొలత ఒకటే. అసలు గదిలో అడుగు, బొమ్మగదిలో అంగుళం.

మనకేమీ తక్కువ లేదు. దసరాకో, సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో పెళ్ళిపందిరి, అంగడి, పల్లె, బావి అన్నీ మెట్ల మీద కొలువుదీరేవి. కొండపల్లిలో పొనికి కర్రతో చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మన పాత వరంగల్లు జిల్లా చేర్యాలలో నకాశీవారు బొమ్మలు, ముఖోటాలు చేసేది కూడా రంపపు పొట్టు, చింతగింజల జిగురుతోనే. కనుక పిల్లలు అట్టముక్కలు ముందేసుకొని గది కడుతుంటే, అదేదో పరాయి వేడుక అనుకోనక్కర లేదు.

పాత పుస్తకాన్ని లోపల తొలిచి పెట్టెగా వాడుకోవడం యూరపులో శతాబ్దాల నాటి అలవాటు. బ్రిటానికా అచ్చు ఆగిన తరువాత కెనడా కళాకారుడు గై లారమే 24 సంపుటాలను కలిపి కొండలు, లోయలుగా చెక్కాడు. వాటిని గదులుగా చేయడం ఆ వరుసలోదే.

మా ఇంట్లో జరిగింది

మా స్వగ్రామం మొగుళ్లపల్లి. ఒకప్పుడు వరంగల్లు జిల్లా, 2016 నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లా. అక్కడ మా పాత పెంకుటిల్లు విప్పి చాలా ఏండ్లయింది. మా మనుమరాలికి ఆ ఇల్లు తెలియదు. ఒకనాడు బీరువా తీసి, "తాతా, ఇవి మళ్ల ఎప్పుడన్న చదివినవా?" అని అడిగింది. చదవలేదన్నాను. "అయితే నాకియ్యి, గది చేస్త" అన్నది.

పద్ధతి చెబుతాను, కావలసినవారు చేసి చూడవచ్చు. మావి ఇంగ్లీషు సంపుటాలు. ఒక్కొక్కటి సుమారు 11 అంగుళాల ఎత్తు, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. ఐదింటిని పక్కపక్కన నిలబెడితే పదంగుళాలు. అడుగుకు అంగుళం లెక్కన అది పదడుగుల గది అవుతుంది. సరిగ్గా మా పడమటి అర్రంత. ముందు కాగితాల అంచులకు జిగురు పూసి, పైన బరువు పెట్టి, రెండు రోజులు ఆరనివ్వాలి. అప్పుడు పుస్తకం చెక్కదిమ్మెలా గట్టిపడుతుంది. పిదప చుట్టూ అంగుళం వదిలి, స్టీలు స్కేలు ఆనించి, పదిహేను ఇరవై కాగితాల చొప్పున కోయాలి. బ్లేడు పని పెద్దవాళ్ళే చేయాలి. మధ్య అట్టలు కూడా అలాగే కోసి ఐదింటినీ అతికిస్తే లోపల ఖాళీ ఏర్పడుతుంది. బంగారు అక్షరాల వీపులు బయటికి పుస్తకాల్లాగానే కనిపిస్తాయి. మైదాతో జిగురు కాచేవారు మైలుతుత్తం చిటికెడు కలిపితే పురుగు పట్టదు. అది విషం కనుక పిల్లలకు దూరంగా ఉంచాలి. కోసిన కాగితాల్లోని పటాలు, రంగు బొమ్మలు పారవేయకుండా మేము దాచిపెట్టాం.

గది లోపల ఏముండాలన్నది నా వంతయింది. ఆమె అడుగుతుంటే నేను చెప్పాను, మా ఇంటామె దిద్దింది. అగరుబత్తి పుల్లలు వాసాలయ్యాయి. అట్టముక్కలు గూనపెంకులయ్యాయి. గోడకు సున్నం, అడుగున జాజు పట్టె. గోడలో దిగూడు, అందులో దీపం. జనపనార ఉట్టి. మూలన వడ్ల గుమ్మి, దాని పక్కన సందుగ, దూలానికి కందిలి. రక్తపోటు మాత్రల రేకులు ఇత్తడి చెంబులయ్యాయి. గుమ్మి అంటే ఏమిటని ఆ పిల్ల అడిగింది. వెదురుతో అల్లి, పేడ మట్టి అలికి, వడ్లు పోసుకునేదని చెప్పాను. కోసిన ఐదు సంపుటాలలో గుమ్మి లేదు, దిగూడు లేదు, మొగుళ్లపల్లి పేరు లేదు. ఎడింబరోలో మొదలైన పుస్తకంలో అవి ఉంటాయని ఆశించలేం. ఇప్పుడు అవి ఆ అట్టల మధ్యనే ఉన్నాయి. వచ్చినవాళ్ళకు ఆ పిల్లే ఒక్కొక్క వస్తువు పేరు చెప్పి చూపిస్తున్నది.

కోయకూడనివి

అదే బీరువాలో మా నాన్నగారి నాటి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపుటం ఒకటి ఉంది. నాగేశ్వరరావు పంతులుగారు వేయించినది. అట్ట ఊడింది, అంచులు పురుగు తిన్నది. "ఇది ఎట్లాగూ పాడైంది గద" అని మనుమరాలు దాన్నే ముందు తీసింది. నేను వద్దన్నాను. కారణం ఆమెకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాను.

బ్రిటానికా ప్రతులు ప్రపంచమంతటా గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఐదు సంపుటాలు పోతే నష్టపోయేది ఎవరూ లేరు. పాత తెలుగు సంపుటాల సంగతి వేరు. చాలా పాత తెలుగు పుస్తకాలను కంప్యూటర్లలోకి ఎక్కించారు, నిజమే. కానీ కొన్నింట పేజీలు లోపించాయి, కొన్నింట అక్షరాలు అలుక్కుపోయాయి. అప్పుడు దిక్కు అచ్చు ప్రతే. సమాచారం పాతబడిందన్న మాట కూడా పూర్తిగా సరికాదు. 1970లకు ముందు పుస్తకంలో మశూచి బతికి ఉన్న రోగం. 1980లో అది ప్రపంచం నుంచి తొలగిపోయిందని ప్రకటించారు. 1991కి ముందు పటంలో సోవియట్ యూనియన్ ఉంటుంది. 2006కు ముందు ప్లూటో తొమ్మిదో గ్రహం. ఆనాటివారు ప్రపంచాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలియాలంటే అటువంటి పుస్తకం ఒక్కటైనా చెక్కుచెదరకుండా ఉండాలి.

కనుక సభ్యులకు నా మనవి. బీరువా ఖాళీ చేసేముందు ప్రతి సంపుటం మొదటి పుట తెరిచి ఏ సంవత్సరం, ఏ భాష చూడండి. తెలుగుదైతే, అందులోనూ 1950కి ముందుదైతే, ఎంత చిరిగినా తూకానికి వేయకండి, కత్తి పెట్టకండి. మీ దగ్గరి గ్రంథాలయాన్ని అడగండి. ఇంగ్లీషు సంపుటాలైతే నిస్సంకోచంగా పిల్లలకివ్వండి. కాకపోతే మీరు పక్కన కూర్చోండి. ఏ గదిలో ఏ వస్తువు ఎక్కడ ఉండేదో చెప్పగలిగిన తరం మనదే.

మా పాత సంపుటాన్ని మనుమరాలు పాత నూలుగుడ్డలో చుట్టి, ఎండు వేపాకు వేసి, వేరే అరలో పెట్టింది. చుట్టేముందు నాలుగు పుటలు నాతో చదివించుకున్నది.