పెనుగొండ దర్శనము

జలపాతములను, దీపస్తంభములను, అభయారణ్యములను చూచుటకు మనవారు దూరదేశములకు పోవుచున్నారు. పోవలసినదే. కాని ధర్మవరమునుండి హిందూపురమునకు పోవు రైలుదారి నడుమనున్న పెనుగొండలో, చరిత్రను చూడ దిగువారు నాకు కొద్దిమందియే కనబడిరి.

1565లో రక్కసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరమును విడిచి యీ దుర్గమును చేరెను. హంపి పాడుపడినది, రాజ్యము మాత్రము చావలేదు. వేంకటపతిరాయలు చంద్రగిరికి తరలువరకు దానికి రాజధాని యిదియే.

ఇచటి గగనమహలును చూడుడు. క్రింద సుల్తానుల కట్టడములను బోలిన కమానులు, పైన గోపురమువంటి శిఖరము! కత్తులు దూసికొన్నవారి శిల్పములు ఒక్క గోడపై పొత్తు కలిసినవి.

హిందూపురము చేరువనే లేపాక్షి యున్నది. అచ్యుతరాయల కాలమున (1529–1542) పెనుగొండ యధికారి విరుపణ్ణ అచట వీరభద్రాలయమును పెంపొందించెను. దాని పైకప్పున నాటి చిత్రములు నేటికిని నిలిచియున్నవి.

వానలు కురిసిన జలపాతము మరల నిండును. కూలిన కోటగోడ తనంత తాను లేవదు. కావున నా మనవి యిది: పెనుగొండలో నొకనాడు దిగుడు. రాళ్లపై మీ పేర్లు చెక్కక, వాని కథను మీ బిడ్డలకు చెప్పుడు.