తెల్లని అన్నము – తవుడు చెప్పిన కథ

తెలుగునాట తెల్లని అన్నము చిరకాలముగా మర్యాదకు గుర్తు. విందులలో మల్లెపూవు వంటి అన్నము వడ్డించుట గృహస్థునకు గౌరవము. ముతక దంపుడు బియ్యము పేదవాని కంచమునకు పరిమితము. అయితే ఈ తెలుపునకు తెలుగు జిల్లాలు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు.

ఉత్తర సర్కారులని పేరొందిన తీరాంధ్ర ప్రాంతము ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి నెలవుగా వైద్యగ్రంథముల కెక్కినది. మద్రాసు వైద్యశాఖకు చెందిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ ఈ వ్యాధిని గూర్చి 1835లో ప్రత్యేక గ్రంథమునే ప్రకటించెను. కాళ్లు తిమ్మిరెక్కి పట్టుదప్పుట, ఒడలు వాచుట, తుదకు గుండె సొమ్మసిల్లుట దీని లక్షణములు. తల్లి ఆహారమున లోపమున్నచో చనుబాలు త్రాగు పసిబిడ్డ సయితము దీనికి బలియగుట కలదు. కారణము మాత్రము ఆనాడు ఎవరికిని అంతుపట్టలేదు.

ఆ చిక్కు విడిపోయినది జావా ద్వీపమున. అచట క్రిస్టియాన్ ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తన ప్రయోగశాలలోని కోళ్లకు బెరిబెరిని బోలిన జబ్బు సోకుట గమనించెను. అవి సైనిక వైద్యశాలనుండి వచ్చిన, తవుడు పూర్తిగా తీసిన బియ్యపు అన్నము తినుచుండెను. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల బియ్యమును కోళ్లకు ఇయ్య నిరాకరింపగా, వానికి ముడిబియ్యము పెట్టవలసి వచ్చెను. కోళ్లు కోలుకొనెను! తవుడులో ప్రాణరక్షకమైన పదార్థమేదో కలదని క్రమముగా తేలినది. 1926లో జావాలోనే యాన్సెన్, డోనాత్ అను శాస్త్రజ్ఞులు దానిని వేరుపరచిరి. నేడు థయమిన్ అని, 'బి1' విటమిన్ అని వ్యవహరించునది అదియే. 1929లో ఐక్‌మన్ నోబెల్ బహుమానమున పాలుపంచుకొనెను.

మన దేశమున ఈ పరిశోధన 1918లో కూనూరులోని పాస్టర్ సంస్థయందు, ఒకే గదిలో, రాబర్ట్ మక్కారిసన్ చేతిమీదుగా మొదలయ్యెను. ఆయన వివిధ ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు గల పంజాబు భోజనము తిన్న ఎలుకలు పుష్టిగా పెరిగినవి; తెల్లని బియ్యమే ప్రధానమైన మద్రాసు భోజనము తిన్నవి కృశించినవి. ఆయన అనంతరము ఆచట అధ్యక్షత వహించిన ఆక్రాయిడ్ 1937లో భారతీయాహారముల విలువలను పట్టికలుగా ప్రకటించి, 1940లో సహచరులతో కలిసి బియ్యపు సమస్యపై ఒక నివేదిక వెలువరించెను.

అదే మద్రాసు రాజధానిలో తమిళ జిల్లాల పేదలను బెరిబెరి అంతగా బాధింపలేదు. పేదరికము రెండుచోట్లను ఉండెను. భేదము బియ్యమున నుండెను. తమిళులు ఉప్పుడు బియ్యము తినిరి. సర్కారు జిల్లాలవారు పచ్చిబియ్యము తినిరి. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టినచో తవుడులోని సారము గింజలోనికి ఇంకును. పిమ్మట మర పట్టినను అది చాలవరకు నిలుచును. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్‌లు వెలువరించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల మర పట్టిన పచ్చిబియ్యమున థయమిన్ 0.06 మిల్లీగ్రాములు మాత్రమే. ఉప్పుడు బియ్యమున, మర పట్టినను, 0.21 మిల్లీగ్రాములు.

మిగిలిన ఆ కొంచెమును మన వంటయింటనే పోవుచుండెను. బియ్యమును పలుమార్లు కడిగిన నీరు, వార్చిన గంజి, మరనుండి వచ్చిన తవుడు, అన్నియు కుడితితొట్టికి చేరెను. బిడ్డలకు దక్కవలసిన సారము పశువుల పాలాయెను.

కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. బెరిబెరి నేడు అరుదు. అయినను పాఠము పాతబడలేదు. తెల్లని అన్నము అధికముగా భుజించి, రోజంతయు బల్లవద్ద కూర్చుండువారికి మధుమేహ భయము హెచ్చని నేటి వైద్యులు హెచ్చరించుచున్నారు.

దీనికి ఖరీదైన మందులతో పనిలేదు. నగరములందు దంపుడు బియ్యము ప్రియమైనను, ఉప్పుడు బియ్యము సామాన్య గృహస్థునకు అందుబాటులోనే యున్నది. రాగులు 100 గ్రాములలో 344 మిల్లీగ్రాముల కాల్షియము గలవి; మర బియ్యమున అది 10 మిల్లీగ్రాములే. ఉత్తరదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు పొట్టు జల్లించని గోధుమపిండి, సజ్జలు, చలికాలమున సమృద్ధిగా దొరకు పాలకూర, మెంతికూర చేరువలో నున్నవి. బియ్యమును ఒకటి రెండు మారులు మాత్రమే కడుగుట, గంజి వార్చక అత్తెసరు పెట్టుట, అన్నము కొంత తగ్గించి పప్పును, ఆకుకూరను, మజ్జిగను పెంచుట – ఇవి ఏ జీతగానికైనను సాధ్యములే. సర్కారు జిల్లాల తల్లులు తెలియక పోగొట్టుకొన్నదానిని నేటి గృహిణులు తెలిసి నిలుపుకొనవచ్చును.