పట్టుకు పగ, పత్తికి కావలి

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండు పోగుల చరిత్రలోనూ ఒకే సూక్ష్మజీవి కనబడుతుంది. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు ఉన్నట్టుండి వాలిపోయి చస్తుంటే, షిగెతానే ఇషివాతా వాటిలో ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. పదేళ్లకు జర్మనీలోని తురింగియాలో ఒక పిండిమర పురుగుల్లో అదే జీవిని ఎర్నెస్ట్ బెర్లినర్ చూశాడు. బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టిందీ ఆయనే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ రైతు దాన్ని బీటీ అంటాడు.

పట్టుపురుగును చంపేది పంట పురుగునూ చంపుతుంది కదా! ఫ్రాన్స్‌లో 1938 నాటికే అది మందుగా అమ్మకానికి వచ్చింది. గొంగళిపురుగు కడుపులో రసం క్షారం. ఆకుతో పాటు లోపలికి పోయిన బీటీ ప్రోటీన్ స్ఫటికం అందులో కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. పురుగు ముందు మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం. పైగా ఆ ప్రోటీన్ అతుక్కునే చోటు మన పేగుల్లో లేదు.

దీన్ని మాటవరసకు చెప్పి ఊరుకోలేదు. 1959లో అమెరికాలో 18 మంది రోజుకు ఒక గ్రాము చొప్పున ఐదు రోజులు ఆ పొడిని తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. మనుషులకు ముప్పు దాదాపు లేదని 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. అలాగని ఒంటికి పూసుకోమని కాదు. కంట్లో పడితే మండుతుంది. బీటీ చల్లిన కూరగాయల తోటల్లో పనిచేసిన అమెరికా కూలీల్లో కొందరికి చర్మ పరీక్షలో అలర్జీ జాడలు కనిపించాయి, జబ్బు మాత్రం రాలేదు. ఇక మల్బరీ తోట పక్కన దీన్ని చల్లడమంటే పట్టు రైతు కొంప ముంచడమే.

చల్లిన మందు ఎండకు కొన్ని రోజుల్లోనే చెడిపోతుంది. అది దాని లోపం, దాని సుగుణం కూడా. ఆ ప్రోటీన్ జన్యువును ఏకంగా మొక్కలోనే పెడితే ఆ లోపం తీరిపోతుందనుకున్నారు. 2002 మార్చి 26న బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అప్పటికి నాలుగేళ్ల ముందు, 1997-98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. ఒక విచిత్రం చెప్పాలి. అప్పుడు వరంగల్ చేలను తినేసిన పొగాకు లద్దెపురుగు మీద ఆ తొలి బీటీ పెద్దగా పారదు. అది శనగపచ్చ పురుగుకూ గులాబీ పురుగుకూ చేసిన ఏర్పాటు.

నడిగడ్డ అప్పటికే సీడ్ పత్తికి, అంటే సంకర విత్తనం కోసం పెంచే పత్తికి, పేరుపడింది. మధ్యాహ్నం దాటాక ఆడ చాళ్లలో మొగ్గలు విప్పి పుప్పొడి తిత్తులు గిల్లేయాలి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దాలి. రెండు మూడు నెలలపాటు రోజూ ఇదే పని. చిన్న వేళ్లయితే త్వరగా సాగుతుందని ఆడపిల్లలను బడి మాన్పించి తెచ్చారు. ఈ పిల్లల వెట్టిని పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో నివేదికగా రాస్తే విత్తన కంపెనీలు ఉలిక్కిపడ్డాయి.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఆ చేలల్లోనే ఉంది, అయితే అది బీటీది కాదు. బీటీ కాయతొలుచు పురుగును ఆపుతుంది గానీ పేనుబంక, పచ్చదోమ, తామరపురుగు లాంటి రసం పీల్చే పురుగుల జోలికి పోదు. వాటికోసం రైతులు వేరే మందులు కొట్టారు. వాటిలో 'మోనో' ఒకటి. మోనోక్రోటోఫాస్ 2013లో బిహార్‌లో బడి భోజనంలో కలిసి 23 మంది పిల్లల ప్రాణాలు తీసింది. అలాంటి మందు కొట్టిన చేలో, మొహానికి ఆకులు తగిలేంత దగ్గరగా వంగి పనిచేసే మనిషికి బీటీ భద్రత గురించి ఎన్ని నివేదికలు చదివి వినిపిస్తే ఏం లాభం? 2006లో వరంగల్ జిల్లా పత్తి చేలల్లో మేసిన గొర్రెలు చచ్చినప్పుడూ వేళ్లన్నీ బీటీ వైపే చూపాయి. కారణం అది కాదని కేంద్ర కమిటీ చెప్పింది. గొర్రెలు పోయినవాళ్లకు ఆ మాట ఏం ఊరట?

పర్యావరణం సంగతికొస్తే, బీటీకి తగిలిన పెద్ద దెబ్బ పురుగు నుంచే. ఎండకు పోయే మందైతే పురుగుకు మధ్యమధ్య విడుపు ఉండేది. ఆకు ఆకునా, సీజనంతా అదే విషం ఉంటే, తట్టుకున్న పురుగులే మిగిలి పిల్లలు పెడతాయి. గులాబీ పురుగు మొదటి బీటీకి లొంగడం లేదని 2010లో గుజరాత్ నుంచి కబురొచ్చింది. రెండు బీటీ జన్యువులున్న బోల్‌గార్డ్-2 కూడా ఆ తర్వాత దానికి లోకువైంది. నాగర్‌కర్నూల్ పత్తి రైతులకిప్పుడు పురుగు చేరి విచ్చుకోని గుడ్డిపూలు ఏరేయడం, లింగాకర్షక బుట్టలు కట్టడం, డిసెంబరు దాటకుండా కట్టె పీకేయడం తప్పని పనులు.

పురుగు ఇలా తట్టుకోవడాన్ని ఆలస్యం చేసే ఉపాయం మొదట్నుంచీ ప్యాకెట్‌లోనే ఉంది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు గింజలు ఇచ్చి, వాటిని చేను చుట్టూ వేయమన్నారు. అక్కడ బతికిన మామూలు పురుగు, తట్టుకున్న పురుగుతో జతకట్టి దాని బలాన్ని పలచన చేస్తుందని లెక్క. కౌలు కట్టి సాగుచేసేవాడు పురుగును మేపడానికి నేల ఎందుకు వదులుతాడు? ఆ చిన్న ప్యాకెట్లు చాలావరకు గట్ల మీదే పడ్డాయి. చివరికి కంపెనీలు ఆ మామూలు గింజలను బీటీ గింజల్లోనే కలిపి ఒకే సంచిలో అమ్మడం మొదలుపెట్టాయి.