చూలై క్రిస్మసు నాటకము: గొల్లలు మాటాడు తెలుగు

తమిళమున సూళై యనగా ఇటుకలు కాల్చు ఆవము. తెలుగువారి నోట ఆ పేరే చూలై యైనది. చెన్నపురిలో వేపేరికి పొరుగున నున్న యీ పేటలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, చెన్నపురి మనకు దక్కకపోయినను వారు పేట విడువలేదు. వారిలో క్రైస్తవులు డిసెంబరు మాసమున ఆడుకొను క్రీస్తు జన్మ నాటకమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. దీనిని పిల్లల వేడుక యని తీసివేయుట వాడుక. మాకు మాత్ర మిది మన భాషాచరిత్రకు పనికివచ్చు వస్తువుగా తోచుచున్నది.

ఈ ఆట పుట్టినది దూరదేశమున. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు గడ్డి నింపిన తొట్టిని, ఎద్దును, గాడిదను తెచ్చి నిలిపి పల్లీయులకు క్రీస్తు జననమును కన్నులకు గట్టించెను. పిమ్మట ఇంగ్లండు పట్టణములలో వృత్తిసంఘములవారు బైబిలు కథలను తమలో పంచుకొని బహిరంగముగా ఆడిరి. ఆ కాలపు నాటకములలో వేక్‌ఫీల్డు ప్రతిలోని రెండవ గొల్లల నాటకము మిక్కిలి ప్రసిద్ధము. అందు బేత్లెహేము గొల్లలు ఇంగ్లండు చలిని తిట్టుకొందురు. తమ్ము పీడించు దొరలను ఆడిపోసికొందురు. మాక్ అను గొఱ్ఱెల దొంగ తాను రాజోద్యోగి నని దక్షిణాది యాస పెట్టగా తోడి గొల్లలు వానిని ఎగతాళి చేయుదురు. పవిత్రకథ నడుమ యాస మీద పరిహాసము! మతసంస్కరణ వచ్చి ఇట్టి నాటకముల నన్నింటిని అణచినది. కోవెంట్రీ పట్టణమున కడపటి ప్రదర్శనము 1579లో జరిగెను.

సువార్తలను తెరచి చూచిన నొక వింత కనబడును. సత్రమున చోటు లేదని లూకా చెప్పెనే గాని సత్రపువానిని పేర్కొననే లేదు. జ్ఞానులు తెచ్చిన కానుకలు మూడని మత్తయి సువార్త వలన తెలియును గాని, జ్ఞానులు ఎందరో అందు లేదు. గొల్లలు లూకాలో నున్నారు, హేరోదు మత్తయిలో నున్నాడు. రెంటిని కలిపి కుట్టి, సత్రపువానికి ప్రాణము పోసినవారు ఆటగాండ్రు. గ్రంథము విడిచిన ఖాళీ యందే వారికి తమ మాట మాటాడు చోటు దొరకినది.

చెన్నపురి తెలుగు క్రైస్తవులకు ముందు వచ్చినది గ్రంథము. జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1726లో ఈ పట్టణము చేరి, తెలుగు నేర్చి, బైబిలును అనువదించెను. ఆ అనువాదము అచ్చు కాలేదు. ఆయన వ్రాసిన చిన్న తెలుగు పుస్తకములు మాత్రము 1746, 47 సంవత్సరములలో జర్మనీలోని హాలే నగరమున అచ్చైనవి. ప్రిచెట్ అనువదించిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో చెన్నపురిలో వెలువడినది. పురుషోత్తమ చౌదరి మొదలగువారి కీర్తనలు మన రాగతాళములను ఆరాధనలోనికి తెచ్చినవి. నాటకమునకు గౌరవము ఆలస్యముగా వచ్చినది. ఆ నాళ్ళలో వేషము కట్టుట క్రైస్తవులకే కాదు, చదువుకొన్న హిందువులకును చిన్నతనమే.

ఆ బిడియమును పోగొట్టినవారిలో మనవారొకరు కలరు. 1891లో బళ్ళారి సరస వినోదినీ సభవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాయకత్వమున చెన్నపురికి వచ్చి నాటకము లాడిరి. ఉద్యోగస్థులును, విద్యావంతులును రంగమెక్కుట చూచిన పమ్మల్ సంబంధ ముదలియారు ఆ యేటనే సుగుణ విలాస సభను స్థాపించెను. చాలకాలము ఆ సభకు నిలయమైన విక్టోరియా పబ్లిక్ హాలు చూలైకి దక్షిణమున, దూరము గాని దూరమున నున్నది. పగలు కచేరీ, రాత్రి రంగము! క్రిస్మసు సెలవులు ఇట్టివారికి వరప్రసాదము. కాంగ్రెసు మహాసభలును ఆ సెలవులలోనే జరిగెడివి. 1927 డిసెంబరు మహాసభతో కూడిన సంగీత సమావేశము నుండియే మ్యూజిక్ అకాడమీ పుట్టినది.

ఇక చూలై నాటకమును చూతము. వెదురు బద్దలకు రంగుకాగిత మంటించిన నక్షత్రము, జనపనార గడ్డపు యోసేపు, కంబళ్ళు కప్పిన గొల్లలు, ఒక హార్మోనియము. ఇంతియే సామగ్రి. కాని చెవి యొగ్గిన మూడు తెలుగులు వినవచ్చును. దేవదూత బైబిలు గ్రాంథికమును పలుకును. హేరోదు పద్యనాటకపు రాజు. మీసము దువ్వి, తొడ చరచి, సమాసములు దొర్లించును. చప్పట్లు వానికే ఎక్కువ. గొల్లలకును సత్రపువానికిని మాత్రము పేట భాషయే దిక్కు. జాగా లేదనియు, పక్క సందు చూచుకొమ్మనియు సత్రపువాడు విసుగుకొనునపుడు సభ యంతయు నవ్వును. అద్దెయింటికై అడ్వాన్సు చేత పట్టుకొని వీథులు తిరిగిన అనుభవము అచ్చట కూర్చున్నవారిలో పెక్కురకు కలదు. ఆ మాటలను ఏ కవియు వ్రాసి యీయలేదు. మా అభిప్రాయమున ఆ నాటకమున తెలుగుదనము హేరోదు సమాసములలో గాక అచ్చటనే యున్నది.

ఈ తెలుగు ఎన్నాళ్ళుండునన్నదే ప్రశ్న. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టము తమిళమును బడులలో అనివార్యము చేసినది. అది తరగతి వెంట తరగతిగా ఎక్కి 2016 నాటి పదవ తరగతి పరీక్షకు చేరగా, అల్పసంఖ్యాక భాషల పిల్లలు హైకోర్టుకెక్కి మినహాయింపు పొందవలసి వచ్చెను. నింద యంతయు చట్టముపై మోపుట న్యాయము గాదు. ఇంగ్లీషు బడి కావలెనన్న తలిదండ్రులకును అందు పాలు కలదు. ఇంట తెలుగు మాటాడియు తెలుగు చదువలేని బాలురు నేడు గొల్లల వేషము వేయుచున్నారు. వారికి సంభాషణలను తమిళ లిపిలో వ్రాసి యిత్తురు.

తమిళమున ప, బ, భ లకు అక్షర మొక్కటే. దేవదూత గొల్లలతో పలుకు మొదటి మాటయే భయపడవద్దనునది. మేము చూచిన యొక ప్రతిలో ఆ మాట మొదట మాత్రము ఎవరో పెద్దవారు తెలుగు భకారమును ఎఱ్ఱసిరాతో పెద్దదిగా వ్రాసియుంచిరి. తక్కిన దంతయు తమిళ లిపియే. దూత వేషము వేయు పిల్ల దానిపై వ్రేలుంచి, గట్టిగా ఊపిరి విడిచి, పదిమార్లు పలికి నేర్చుకొనుచుండెను.