పదిమందిలో నలుగురు



ఈసారి వాక్యంతో కాకుండా లెక్కతో మొదలుపెడుతున్నాను. కాస్త ఓపిక పట్టండి.

2019 ఎన్నికల్లో మన రాష్ట్రంలో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు వచ్చాయి. 175 అసెంబ్లీ సీట్లలో దక్కినవి 23. 2024లో వైసీపీకి వచ్చినవీ 39 శాతం పైచిలుకు ఓట్లే. దక్కినవి 11. పార్టీ మారింది గాని అంకె మారలేదు. రెండుసార్లూ ఏ ఊళ్ళోనైనా పదిమందిని వరసగా నిలబెడితే అందులో నలుగురు ఓడినవాళ్ళు. ఫలితాల రోజున టీవీలో ఒకసారి 151 అని, ఇంకోసారి 164 అని పెద్ద పెద్ద అంకెలు వేస్తారు. అవి చూసి ఆ నలుగురూ ఇక లేరనుకుంటాం. వాళ్ళెక్కడికీ పోలేదు. మంచినీళ్ళ ట్యాంకు దగ్గర ఉన్నారు, పత్తి చేలో ఉన్నారు, ఆదివారం మన పక్కనే చాప మీద కూర్చుని పాట పాడుతున్నారు.

2024 మే 13న పార్లమెంటుకూ అసెంబ్లీకీ ఒకేరోజు ఓట్లు వేశాం. రాష్ట్రంలో 81 శాతం దాటి పోలింగ్ జరిగింది. అర్ధరాత్రి దాకా వరసలో నిలబడి ఓటేసిన జనం ఉన్నారు. ఢిల్లీలో ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు గనుక, ఇక్కడినుంచి గెలిచిన 16 మంది తెలుగుదేశం ఎంపీలు కేంద్ర ప్రభుత్వానికే ఆధారమయ్యారు. అంటే మన వీధి తగాదా దేశం తగాదాగా మారింది. అది తిరిగి మన ఫోన్లలోకే వచ్చింది. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోంచి ఎంతమంది బయటికి వెళ్ళిపోయారో మీకే తెలుసు.

మంగళగిరివాళ్ళకు ఈ సంగతి మిగతావాళ్ళకంటే బాగా తెలియాలి. తెలుగుదేశం కేంద్ర కార్యాలయం ఆత్మకూరు దగ్గర హైవే పక్కన ఉంది. జనసేన కార్యాలయమూ మంగళగిరిలోనే. వైసీపీది తాడేపల్లిలో. మూడు పార్టీల గుమ్మాలూ ఒక్క నియోజకవర్గంలోనే ఉన్నాయి. 2021 అక్టోబరు 19న వాటిలో ఒక కార్యాలయం మీద మూక దాడి జరిగింది. 2024 జూన్ 22 తెల్లవారుజామున ఇంకో పార్టీ కట్టుకుంటున్న భవనాన్ని అధికారులు యంత్రాలతో కూల్చారు. ఒకటి మూక చేసిన పని, మరొకటి అనుమతులు లేవంటూ ప్రభుత్వ యంత్రాంగం చేసిన పని. రెండూ ఒకటేనని నేననను. అయితే దెబ్బ తగలని పక్షం రెండుసార్లూ చప్పట్లు కొట్టింది. నన్ను బాధపెట్టేది అదే.

ఓట్ల తేడా చూడండి. 2014లో మంగళగిరి ఎమ్మెల్యే గెలిచింది 12 ఓట్లతో. మిరపకోతకు వెళ్ళే ఒక్క ఆటోలో అంతకంటే ఎక్కువమందే ఎక్కుతారు! 2019లో తేడా 5,337. 2024లో 91,413. పదేళ్ళలో ఇదే నేల ఎటు నుంచి ఎటు తిరిగిందో చూశారా? ఇక్కడ ఏ విజయానికీ పట్టా లేదు.

ఈ పాఠం కొత్తదేమీ కాదు. మన తాతల కాలంలో ఇంతకంటే చేదు ఎన్నిక ఒకటి జరిగింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. ఏడాది కాస్త దాటేసరికి, 1954 నవంబరులో, మద్యనిషేధం విషయంలో అవిశ్వాసం వచ్చి ఆయన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు పెట్టారు.

అది పేరుకు రాష్ట్ర ఎన్నికే గాని దేశమంతా కళ్ళప్పగించి చూసింది, బయటి దేశాలూ చూశాయి. ఎందుకంటే 1952లో ఈ జిల్లాల్లో కమ్యూనిస్టులు 41 సీట్లు గెలిచి ఉన్నారు. ఈసారి ప్రభుత్వమే ఏర్పాటు చేస్తారని వాళ్ళూ నమ్మారు, ఎదుటివాళ్ళూ భయపడ్డారు. కృష్ణా, గుంటూరు జిల్లాలు వాళ్ళకు గట్టి పట్టున్న ప్రాంతాలు. మన పక్కనున్న పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథతో ఆ రోజుల్లో ఊళ్ళకు ఊళ్ళు కదిలేవి. అటు కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటయ్యాయి. నెహ్రూగారు స్వయంగా వచ్చి తిరిగారు. తెలుగు దినపత్రికలు పక్షం తీసుకుని రోజూ సంపాదకీయాలు రాశాయి. సరిగ్గా ఆ సమయంలోనే మాస్కోలో కమ్యూనిస్టుల పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానాలను మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెస్‌వాళ్ళు దాన్ని తెలుగులో అచ్చువేసి ఊరూరా పంచిపెట్టారు. ఇప్పటి ఫార్వర్డ్ మెసేజీలు చూసి ఆశ్చర్యపోయే యువకులు ఇది గుర్తుపెట్టుకోండి. ఎదుటివాడి మాటనే తీసుకుని ఎదుటివాడి మీద విసరడం మీరు కనిపెట్టిన విద్య కాదు.

ఫలితం వచ్చింది. 196 సీట్లలో కాంగ్రెస్ కూటమికి 146. కమ్యూనిస్టులకు 15. సీట్లు 15 గాని ఓట్లు 31 శాతం! పదిమందిలో ముగ్గురు వాళ్ళకే వేశారు. సీట్లు మాత్రం వందకు ఎనిమిది కూడా రాలేదు. ఇప్పుడు మనం చూస్తున్న లెక్కే అది, డెబ్బై ఏళ్ళ కిందటిది.

ఆ ముగ్గురు ఏమయ్యారు? నా దృష్టిలో అసలు చరిత్ర అక్కడినుంచే. గెలిచిన 15 మందిలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్యగారు అసెంబ్లీలో ప్రతిపక్షానికి నాయకుడై కూర్చున్నారు. సంఖ్య లేదు కదా అని ఇంటి దగ్గర ఉండిపోలేదు. మన మంగళగిరిలో 1962లో కమ్యూనిస్టు వేములపల్లి శ్రీకృష్ణగారు గెలిచారు. 1972లో మళ్ళీ ఆయనే. ఓడినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, నేతగాళ్ళ పేటల్లో తిరిగారు, అర్జీలు రాశారు, అడిగారు. ఇంకో ఎన్నికకు మళ్ళీ నిలబడ్డారు.

గెలిచినవాళ్ళ సంగతీ చెప్పాలి. ఎన్నిక ఫిబ్రవరిలో అయితే అదే 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. కృష్ణ నీళ్ళు మెట్టకు మళ్ళాలని కాంగ్రెస్‌వాళ్ళూ అడిగారు, కమ్యూనిస్టులూ అడిగారు. ముక్త్యాల రాజాగారు దానికోసం ఏళ్ళ తరబడి తిరిగారు. 1967లో కాలువకు నీళ్ళొచ్చాయి. కుడికాలువ పల్నాడు మీదుగా ప్రకాశం జిల్లా దాకా వెళ్ళింది. ఈ రోజు మన గుంటూరు యార్డుకు వచ్చే మిరపకాయల్లో ఆ నీళ్ళతో పండినవి ఎన్నో. కాలువ తవ్వేటప్పుడు 31 శాతం వాళ్ళ పొలాలు వదిలేసి తవ్వలేదు. తవ్వితే నీరు పారదు కూడా.

ఇక మన కాలానికి వస్తే చెప్పడానికి నోరు రాదు. 2019 ఫలితాల తరువాత పల్నాడు ఆత్మకూరు నుంచి, మన ఆత్మకూరు కాదు, దుర్గి మండలంలోది, బతకలేకపోతున్నామంటూ కుటుంబాలు గుంటూరు వచ్చి శిబిరంలో తలదాచుకున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది మన దళిత కుటుంబాలే. 2024లో పోలింగ్ రోజునే మాచర్ల ప్రాంతంలో ఒక బూత్‌లో ఈవీఎంను నేలకేసి కొట్టడం దేశమంతా చూసింది. మర్నాడు కారంపూడి తగలబడింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట అన్నదమ్ములు కత్తులు దూసుకున్న అదే కారంపూడి. ఎన్నికల సంఘం ప్రధాన కార్యదర్శిని, డీజీపీని ఢిల్లీకి పిలిపించింది. కౌంటింగ్ అయ్యాక కూడా పదిహేను రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను ఇక్కడే ఉంచమంది. ఓట్లు లెక్కపెట్టడానికి కాదు, లెక్కపెట్టిన తరువాత మనల్ని మననుంచి కాపాడడానికి! జూలైలో వినుకొండ నడివీధిలో ఒక యువకుణ్ణి నరికి చంపారు. రాజకీయమని ఒక పక్షం, పాతకక్ష అని మరో పక్షం. ఆ తల్లికి రెండింటికీ తేడా ఏముంటుంది?

కత్తులు మన వీధిదాకా రాలేదని సంతోషించకండి. మన వీధిలో జరిగేది నెమ్మదిగా, కాగితం మీద జరుగుతుంది. ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ మారతాడు. రేషన్ డీలర్ మారతాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెను తీసేసి మనవాళ్ళను పెట్టమని సంతకాల కాగితం తిరుగుతుంది. 2019లో తిరిగింది, 2024లో తిరిగింది. ఆ వంటామె గరిటె ఏ పార్టీది అమ్మా? పిల్లలకు పెట్టిన అన్నంలో ఏ రంగు ఉంది? గెలిచిన పక్షంలో ఉన్న మన విశ్వాసులకు నేను సూటిగా చెబుతున్నాను: అలాంటి కాగితం మీ దగ్గరకు వస్తే సంతకం పెట్టకండి. మీ వేలి మీద సిరా చెరిగిపోయిందేమో గాని ఆమె పొయ్యి ఆరితే మళ్ళీ వెలగడానికి చాలా కాలం పడుతుంది.

సేవకులకూ పార్టీ రంగు పూశారు. నెలకు 5,000 గౌరవ వేతనం పుచ్చుకున్నారు గనుక ఫలానా పార్టీ అని కొందరు, ఇప్పుడు మాట్లాడడం లేదు గనుక అటు తిరిగారని కొందరు. ఎవరేమనుకున్నా ప్రసంగపీఠం ఎవరి ప్రచార రథమూ కాదు. దానిమీద ఇంతకంటే చెప్పను.

మొదటి రాజుల గ్రంథం 12వ అధ్యాయం తీసి చదవండి. రెహబాము కాడి బరువు తగ్గించమని జనం షెకెములో అడిగారు. మూడు రోజులు గడువు తీసుకుని, పెద్దల సలహా వదిలేసి, తనతో పెరిగిన కుర్రవాళ్ళ మాట విని కఠినంగా జవాబిచ్చాడు. పది గోత్రాలు విడిపోయి యరొబాము వెంట వెళ్ళాయి. ఇంతవరకు మనం చాలాసార్లు ప్రసంగాల్లో విన్నాం. ఆ తరువాతి భాగం అంతగా వినం. రెహబాము లక్షా ఎనభై వేలమంది యోధులను పోగుచేశాడు, విడిపోయినవాళ్ళ మీదికి యుద్ధానికి. అప్పుడు షెమయా అనే దైవజనుడు వచ్చి, వాళ్ళు మీ సహోదరులు, వాళ్ళతో యుద్ధం చేయకండి, ఇళ్ళకు వెళ్ళండి అన్న దేవుని మాట చెప్పాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

గమనించండి. షెమయా రెండు రాజ్యాలను కలపలేదు. తప్పు ఎవరిదో ఆ సైన్యం ముందు తీర్పు చెప్పలేదు. విడిపోయింది విడిపోయినట్టే ఉండిపోయింది. ఎవరి రాజు వాళ్ళకే ఉన్నాడు. ఆగినదల్లా రక్తం. ఎన్నికల తరువాత మనం అందరం ఒకే అభిప్రాయానికి రావాలని నేను ప్రార్థన చేయడం లేదు. అది జరగదు, జరగనక్కర్లేదు కూడా. లక్షా ఎనభై వేలమంది ఇంటికి వెళ్ళి మర్నాడు ఏం చేశారో వాక్యంలో లేదు. గొర్రెలను మేపి ఉంటారు, పొలం దున్ని ఉంటారు.

2024 సెప్టెంబరు 1 గుర్తుందా? బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఒక్క ఓటుతో ఓడిపోయిన ఆ పంతులుగారి పేరే ఆ బ్యారేజీకి పెట్టారు. వరదలో కొట్టుకొచ్చిన పడవలు దాని గేట్లకు గుద్దుకున్నాయి. ఆ పడవలు ఏ పార్టీవని వారాల తరబడి గొడవ నడిచింది. పడవకు కూడా పార్టీ! అయితే అదే రోజుల్లో మన వైపునుంచి అన్నం పొట్లాలు వెళ్ళాయి. పులిహోర కలిపిన చేతులు ఏ గుర్తు నొక్కాయో సింగ్‌నగర్‌లో నడుం లోతు నీళ్ళలో నిలబడినవాళ్ళు అడగలేదు.

ఆపదలో కలుస్తాం, బాగానే ఉంది. ఆపద లేని రోజుల్లోనే మనకు కష్టం. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. గ్రామసభ గెలిచినవాళ్ళ సభ కాదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడూ దాని సభ్యుడే, చట్టం అలాగే చెబుతుంది. మన చుట్టుపక్కల పల్లెలు కొన్ని 2021లో మంగళగిరి తాడేపల్లి కార్పొరేషన్‌లో కలిసిపోయాయి గనుక అక్కడివాళ్ళకు గ్రామసభ కూడా లేదు. సోమవారం అర్జీలు తీసుకునే చోటికే వెళ్ళాలి. ఓడిన పక్షంలో ఉన్న విశ్వాసులారా, అక్కడికి వెళ్ళడం తలవంచడం కాదు. పన్ను మీరూ కడుతున్నారు.

మన వీధి చివర మురుగుకాల్వ సంగతి అందరికీ తెలుసు. వానాకాలమంతా ఆ నీళ్ళు దాటే ఆరాధనకు వచ్చారు. అర్జీ రాద్దామంటే ఒకరు, మన ప్రభుత్వాన్ని మనమే ఇరుకున పెట్టడం ఎందుకయ్యగారూ అన్నారు. ఇంకొకరు, ఓడినవాళ్ళం, మా మాట ఎవరు వింటారయ్యగారూ అన్నారు. ఇద్దరి ఇళ్ళూ ఆ కాల్వ ఒడ్డునే ఉన్నాయి. దోమలు ఇద్దరినీ కుడుతున్నాయి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ తొందరగా వెళ్ళకండి. అర్జీ కాగితం నేను రాసి తెస్తాను. మొదటి రెండు సంతకాలకు చోటు పక్కపక్కనే వదిలాను, ఎవరెవరికో వాళ్ళకు తెలుసు. సోమవారం పొద్దున ఆటో మాట్లాడాలి. పన్నెండు మందికి సరిపోతుంది.